పాత డిస్క్ కన్సోల్ మొరాయిస్తోందా? లేజర్ కొనే ముందు ఇవి చూడండి

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇది: మీ దగ్గర ప్లేస్టేషన్ 1, సెగా డ్రీమ్‌కాస్ట్, లావుపాటి పీఎస్2 (ప్లేస్టేషన్ 2) అనే మూడు పాత గేమ్ కన్సోళ్లు ఉన్నాయి. డిస్క్ పెడితే ఒకసారి చదువుతున్నాయి, ఇంకోసారి మొరాయిస్తున్నాయి. మూడింటికీ డిస్క్‌ను చదివే లేజర్ భాగాలు కొత్తవి కొనాలా, కొంటే ఒరిజినల్ దొరుకుతుందా, దొరక్కపోతే వీటి పని అయిపోయినట్టేనా అని అడిగారు.

సూటిగా చెప్తాను. లేజర్ ఇప్పుడే కొనకండి. "లేజర్ పోయింది" అంటూ నా దగ్గరికి వచ్చిన కన్సోళ్లలో ఎక్కువవాటికి లేజర్ బాగానే ఉంటుంది. లెన్స్ మీద మురికి, లేజర్ జారే పట్టాల మీద ఎండి గట్టిపడిన గ్రీజు, అరిగిన ప్లాస్టిక్, నల్లబడిన పిన్నులు, ఇవే అసలు కారణాలు. పైగా ఈ లేజర్లను కంపెనీలు తయారు చేయడం ఎప్పుడో మానేశాయి కాబట్టి ఇప్పుడు కొత్తది అని అమ్మేవాటిలో చాలావరకు కాపీలు, లేదంటే పాత మెషిన్లలోంచి ఊడదీసి తుడిచి పెట్టినవి. మీ కన్సోల్లో మొదటి నుంచీ ఉన్న లేజర్ కొంత బలం తగ్గినా సరే, చాలాసార్లు ఆ కాపీ కంటే నమ్మకంగా పనిచేస్తుంది. అందుకే దాన్ని పీకేయడం అన్నిటికంటే చివరి పని.

అన్నిటికంటే ముందు తప్పు డిస్క్‌దా, డ్రైవ్‌దా తేల్చుకోండి. ప్లేస్టేషన్ 1, పీఎస్2 డిస్కులను మామూలు కంప్యూటర్ డ్రైవ్ చదవగలదు. మొదటి నుంచి చివరి దాకా ఇమేజ్, అంటే డిస్క్ మొత్తానికి ఫైల్ రూపంలో కాపీ తీయండి. ఎక్కడా ఆగకుండా వచ్చిందంటే డిస్క్ బాగున్నట్టే. డ్రీమ్‌కాస్ట్‌కి ఈ పరీక్ష కుదరదు, దాని సొంత రకం డిస్క్ అయిన జీడీ-రామ్‌లో ఆట ఉండే భాగం దట్టంగా రాసి ఉంటుంది, మామూలు డ్రైవ్‌కి అది అందదు. దానికైతే గీతలు లేని రెండు మూడు ఒరిజినల్ డిస్కులు పెట్టి చూడటమే దారి. రైటర్‌తో కాల్చిన సీడీలతో మాత్రం పరీక్షించకండి. వాటి నుంచి వెలుగు తక్కువగా వెనక్కి వస్తుంది, కాస్త బలహీనపడిన లేజర్ వాటి దగ్గర ముందే చేతులెత్తేస్తుంది, మీరేమో లేజర్ పోయిందని అనుకుంటారు.

డిస్కుల గురించి ఇంకో మాట. సీడీలో డేటా పొర ఉండేది బొమ్మ అచ్చు వేసిన వైపు, పలచటి లక్క కిందే. కింది వైపు గీతలు పడితే పాలిష్‌తో చాలావరకు పోతాయి, బొమ్మ వైపు గీత లోతుగా పడిందంటే అక్కడ డేటానే పోయినట్టు. దీపం ముందు పట్టి చూస్తే సూది బెజ్జాల్లా వెలుగు కనిపిస్తుంది. డీవీడీ విషయం వేరు, డేటా రెండు 0.6 మిల్లీమీటర్ల పలకల మధ్య ఉంటుంది కాబట్టి పై గీతలకు అంత భయం లేదు. తుడిచేటప్పుడు మధ్య నుంచి అంచు వైపు తుడవండి, గుండ్రంగా వద్దు. గుండ్రంగా పడిన గీత ట్రాక్ వెంబడే సాగుతుంది, దాన్ని సరిదిద్దుకోవడం డ్రైవ్‌కి చాలా కష్టం.

ఇక డ్రైవ్. మూత తెరిచే ముందు ప్లగ్ తీసి కాసేపు వదిలేయండి. ఈ మూడింటిలోనూ పవర్ సప్లై లోపలే ఉంటుంది, దాని పెద్ద కెపాసిటర్‌లో ప్లగ్ తీశాక కూడా చార్జ్ నిలిచి ఉంటుంది, ఆ బోర్డును వేళ్లతో తాకకండి. మూత తీసి నడిపేటప్పుడు లెన్స్‌లోకి నేరుగా చూడకండి. సీడీ లేజర్ 780 నానోమీటర్ల పరారుణ కాంతి, కంటికి మసక ఎరుపుగా కనిపిస్తుందే తప్ప దాని అసలు తీవ్రత తెలియదు, ప్రమాదం అక్కడే ఉంది.

లెన్స్ తుడవడానికి 99 శాతం ఐసోప్రొపైల్ ఆల్కహాల్, మంచి ఇయర్ బడ్ చాలు. బడ్ తడిగా ఉండాలి, కారకూడదు. బరువు వేయకుండా రెండు మూడు సార్లు తిప్పి, పొడి బడ్‌తో ఒకసారి అద్దండి. ఆ లెన్స్ సన్నటి తీగల మీద వేలాడుతూ ఉంటుంది, గట్టిగా నొక్కితే ఆ తీగలు వంగిపోతాయి, ఆ తర్వాత నిజంగానే కొత్త లేజర్ కొనాల్సి వస్తుంది. అసిటోన్, గోళ్ల రంగు తీసే ద్రవం దగ్గరికి కూడా రానివ్వద్దు, ప్లాస్టిక్ లెన్స్ కరిగి మసకబారుతుంది. కుచ్చు అంటించిన లెన్స్ క్లీనర్ డిస్కులను నేను వాడను, ఎవరికీ చెప్పను.

తర్వాత పట్టాలు. లేజర్ లోపలి నుంచి బయటికి జారే లోహపు కడ్డీ, దాన్ని నడిపే గేర్లు, వీటి మీద ఫ్యాక్టరీలో పూసిన గ్రీజు ఇన్నేళ్లకు జిగురైపోతుంది. ఆట మొదలవుతుంది, వీడియో వచ్చేసరికి తడబడుతుంది, లేదా ఆట మధ్యలో లోడింగ్ దగ్గర ఆగిపోతుంది అంటే నేను ముందు చూసేది ఇక్కడే. పాత గ్రీజు పూర్తిగా తీసేయాలి, దాని మీదే కొత్తది పూయకూడదు. ఆల్కహాల్‌తో తుడిచి, గేర్ పళ్ల మధ్య కూడా శుభ్రం చేసి, ప్లాస్టిక్‌కి హాని చేయని సింథటిక్ గ్రీజు పలచగా రాయండి. ఎక్కువ పూస్తే దుమ్ము పట్టుకుంటుంది. తలుపులకు కొట్టే స్ప్రే నూనెలు వద్దు, అవి ఎగిరి లెన్స్ మీద పడతాయి, కొన్నాళ్లకు ఆవిరైపోయి పట్టా మళ్లీ పొడిబారుతుంది.

ఈ రెండు పనులతోనే కుదుటపడిన కన్సోళ్లు నేను చాలా చూశాను. అప్పటికీ కుదరకపోతే మోడల్‌ను బట్టి వెతకాలి, ఎందుకంటే ఒక్కో దానికి ఒక్కో జబ్బు.

ప్లేస్టేషన్ 1 సంగతి చూద్దాం. 1994 డిసెంబర్‌లో జపాన్‌లో వచ్చిన మొదటి రకాల్లో, అంటే నంబర్ 1000 వరసలో ఉన్నవాటిలో, లేజర్ జారే భాగం ప్లాస్టిక్. పైగా డ్రైవ్ పవర్ సప్లైకి ఆనుకుని ఉంటుంది. ఆ వేడికి, రాపిడికి ప్లాస్టిక్ అరిగి లేజర్ కొద్దిగా ఒరిగిపోతుంది. అప్పట్లో జనం కన్సోల్‌ను తలకిందులుగా పెట్టి ఆడింది ఇందుకే, తిప్పితే ఒరుగు కాస్త సర్దుకునేది. అలా ఆడితేనే మీది పనిచేస్తోందంటే జబ్బు ఏంటో తెలిసిపోయినట్టే, కాంతినిచ్చే లేజర్ డయోడ్‌ది ఏ తప్పూ లేదు. తర్వాతి మోడళ్లలో డ్రైవ్‌ను పవర్ సప్లైకి దూరంగా జరిపారు, అవి ఎక్కువకాలం మన్నుతున్నాయి. ఇంకోటి, డిస్క్ అసలు తిరగకపోతే మూత మూసుకుందని చెప్పే చిన్న స్విచ్ చూడండి. అది నొక్కుకోకపోతే కన్సోల్ మూత తెరిచే ఉందనుకుంటుంది.

డ్రీమ్‌కాస్ట్ మీద నాకు ప్రత్యేకమైన అభిమానం, అందుకే దీని గురించి కాస్త ఎక్కువ రాస్తున్నా. ఆట మధ్యలో దానంతట అదే రీసెట్ అయ్యి మెనూకి వచ్చేస్తుంటే నూటికి తొంభై సార్లు డ్రైవ్‌ను చూడక్కర్లేదు. పవర్ సప్లై బోర్డు మదర్‌బోర్డు నుంచి లేచిన కొన్ని పిన్నుల మీద కూర్చుంటుంది. ఆ పిన్నులు నల్లబడతాయి, సాకెట్ వదులవుతుంది, డ్రైవ్ మోటార్ ఒక్కసారిగా కరెంటు లాగినప్పుడు వోల్టేజ్ పడిపోతుంది, మెషిన్ రీసెట్ అవుతుంది. పవర్ సప్లై బోర్డు పైకి లాగి, పిన్నులను ఆల్కహాల్‌తో తుడిచి, చాలా నలుపుంటే సన్నటి గరుకు కాగితంతో మెల్లగా రుద్ది, సాకెట్ మీద బోర్డును కొన్నిసార్లు తీసి పెట్టండి. నా దగ్గరికి వచ్చిన ఒక డ్రీమ్‌కాస్ట్‌కి అంతకుముందే వేరేచోట రెండు లేజర్లు మార్చి ఉన్నారు, రెండూ అనవసరం, పిన్నులు తుడిచాక ఇప్పటికీ రీసెట్ లేకుండా నడుస్తోంది.

అందులోనే ఇంకో రెండు విషయాలు. కంట్రోలర్ పోర్టులు నాలుగూ ఒకేసారి పనిచేయకపోతే కంట్రోలర్ బోర్డు మీద ఎఫ్1 అని రాసి ఉన్న చిన్న ఫ్యూజ్ కాలిపోయి ఉంటుంది. ప్రతిసారీ తేదీ అడుగుతుంటే బ్యాటరీ అయిపోయింది. కానీ దాని స్థానంలో మామూలు నాణెం ఆకారపు సెల్ సీఆర్2032 పెట్టేయకండి. అక్కడున్నది చార్జ్ అయ్యే ఎంఎల్2032, బోర్డు దాన్ని చార్జ్ చేస్తుంది. చార్జ్ కాని సెల్‌కి కరెంటు ఎక్కిస్తే ఉబ్బి కారిపోతుంది. సెల్ మార్చుకునేలా హోల్డర్ పెట్టుకుని అందులో ఎంఎల్2032నే వేయండి. పీఎస్2 లావు మోడల్‌లో, సెగా వారి ఇంకో కన్సోల్ సాటర్న్‌లో మాత్రం మామూలు సీఆర్2032నే. సాటర్న్‌లో సెల్ తీస్తే సేవ్‌లు పోతాయి, ముందే కార్ట్రిడ్జ్‌లోకి కాపీ చేసుకోవాలి.

పీఎస్2 దగ్గర ఒక చక్కటి సూచన దొరుకుతుంది. అందులో సీడీలకు 780, డీవీడీలకు 650 నానోమీటర్ల కాంతి వాడతారు. డీవీడీ ఆటలు ఆడుతూ, అడుగు నీలంగా ఉండే సీడీ ఆటలు ఆడకపోతే, లేదా దీనికి తిరగబడితే, అప్పుడు నిజంగా లేజర్‌లో ఒక వైపు బలహీనపడిందని అనుమానించవచ్చు. రెండూ ఒకేలా తడబడుతుంటే మురికి, గ్రీజు, లేజర్‌ను బోర్డుకు కలిపే బల్లపరుపు రిబ్బన్ కేబుల్ చూడండి. లావు మోడల్‌లో కడ్డీ చివర ఒక తెల్ల గేర్ ఉంటుంది, లేజర్ కడ్డీ ఎత్తును అది సరిచేస్తుంది. తాకే ముందు పెన్నుతో గీత పెట్టుకోండి. ఇది కదిలిపోయిన కన్సోల్‌కి ఎన్ని లేజర్లు మార్చినా లాభం లేదు.

ఇక్కడ లేజర్‌కి వెళ్లే కరెంటును సర్దే పొటెన్షియోమీటర్ గురించి చెప్పాలి, ఎందుకంటే ప్రతి వీడియోలోనూ అదే మంత్రం. లేజర్ పక్కన చిన్న స్క్రూ ఉంటుంది, కొద్దిగా తిప్పితే ఆగిపోయిన డ్రైవ్ లేచి కూర్చుంటుంది. నిజమే, లేచి కూర్చుంటుంది. కానీ జరిగేదేంటంటే డయోడ్ వయసు మీరేకొద్దీ అదే వెలుగు ఇవ్వడానికి ఎక్కువ కరెంటు కావాలి, మీరు స్క్రూ తిప్పి ఆ కరెంటు ఇంకా పెంచుతున్నారు, డయోడ్ ఇంకా త్వరగా అరుగుతుంది. మురికి లెన్స్ తుడవకుండా స్క్రూ తిప్పితే బాగున్న డయోడ్‌ను కూడా చంపేసినట్టే. మిగతావన్నీ అయ్యాక, ఏదీ పనిచేయనప్పుడు మాత్రమే దీని జోలికి వెళ్లండి. వెళ్తే మల్టీమీటర్‌తో ఇప్పుడున్న ఓమ్స్ కొలిచి రాసుకుని, చాలా కొద్దిగా తిప్పి, చూసి, మళ్లీ కొలవండి.

సరే, ఇవన్నీ చేశారు, లేజర్ నిజంగానే పోయింది. ఇప్పుడు స్పేర్ ఎలా వెతకాలి?

కన్సోల్ పేరుతో వెతక్కండి, పార్ట్ నంబర్‌తో వెతకండి. సోనీ నంబర్లలో ఒక ఉపయోగం ఉంది. ప్లేస్టేషన్ 1లో కేఎస్ఎస్ అంటే లేజర్ పికప్ (లెన్స్, డయోడ్ ఉన్న భాగం) ఒక్కటే, కేఎస్ఎం అంటే మోటార్, గేర్లు, పట్టాతో సహా మొత్తం యూనిట్. పీఎస్2లో అదే తీరున కేహెచ్ఎస్, కేహెచ్ఎం. పీఎస్2 లావు మోడళ్లలో కేహెచ్ఎస్-400బీ, 400సీ, 400ఆర్ అని రకాలున్నాయి, మీ దాంట్లో ఏది ఉందో తెరిచి చూసి ఆ నంబరే తీసుకోండి. కుదిరితే పికప్ ఒక్కటే కొని మీ పాత యూనిట్‌లో బిగించమంటాను. కాపీ యూనిట్లలో లేజర్ ఒక మోస్తరుగా ఉన్నా మోటార్, గేర్లు నాసిగా ఉంటాయి, సోనీ మోటార్ ఇన్నేళ్లయినా వాటికంటే నిలకడగా తిరుగుతుంది. మోటార్ మార్చక తప్పకపోతే, డిస్క్ కూర్చునే చిన్న పీఠం ఎత్తును తీయకముందే కొలిచి పెట్టుకోండి. ఆ ఎత్తు కొద్దిగా తేడా వచ్చినా లేజర్ ఫోకస్ దొరకదు.

కొన్న పికప్ చేతికొచ్చాక బిగించే ముందు బాగా చూడండి. పట్టా రంధ్రంలో పాత గ్రీజు జాడ, రిబ్బన్ సాకెట్ దగ్గర గీతలు, గీకేసిన తయారీ గుర్తులు కనిపిస్తే అది వాడినదే. వాడినదైనా పనిచేస్తే నాకు అభ్యంతరం లేదు, కానీ కొత్తది అని ధర తీసుకుని అది పంపితే వెనక్కి పంపేయండి. అలా నాకు ఒకసారి ఏకంగా అరిగిపోయిన పట్టాతో వచ్చింది.

ఇంకో ముఖ్యమైన విషయం, దీని వల్ల ఎంతమంది మంచి లేజర్‌ను పాడు అనుకుని పడేశారో. చాలా కొత్త పికప్‌ల మీద రెండు చిన్న బిందువులను కలుపుతూ ఒక సోల్డర్ చుక్క ఉంటుంది. స్టాటిక్ కరెంటు నుంచి డయోడ్‌ను కాపాడటానికి పెట్టింది అది. రిబ్బన్ కేబుల్ తగిలించాక దాన్ని తీసేయాలి, తీయకపోతే లేజర్ వెలగదు. ముందే తీసేస్తే మీ వేలి స్టాటిక్‌కే డయోడ్ పోవచ్చు. కాబట్టి క్రమం ఇది: చేతికి ఎర్తింగ్ పట్టీ, రిబ్బన్ తగిలించడం, ఆ తర్వాత చుక్క తీయడం.

స్పేర్లకు అన్నిటికంటే మంచి చోటు చచ్చిపోయిన ఇంకో కన్సోల్. మదర్‌బోర్డు పోయినది, కంట్రోలర్ పోర్టులు విరిగినది, పైకప్పు పగిలినది, ఇలాంటివి తక్కువకే దొరుకుతాయి, వాటిలో ఒరిజినల్ లేజర్, మోటార్, గేర్లు, స్విచ్‌లు, స్క్రూలు అన్నీ ఉంటాయి. ఆన్‌లైన్ వేలంపాటల్లో "పనిచేయదు, భాగాల కోసం" అని పెట్టినవి చూడండి, అందులోనూ జపాన్ వేలంపాటలు, అక్కడివారు వాటిని శుభ్రంగా దాచుకుంటారు. ఒక్క హెచ్చరిక, జపాన్ మెషిన్ల పవర్ సప్లై 100 వోల్టులకు చేసింది. 220 వోల్టుల సాకెట్‌లో నేరుగా పెట్టారా, ఆ స్పేర్ కూడా పోయినట్టే. పాత ఆడియో సీడీ ప్లేయర్లను కూడా వదలకండి, సాటర్న్‌లో వచ్చే కొన్ని డ్రైవ్‌లలోని జేవీసీ ఆప్టిమా-6 లాంటి పికప్‌లు ఆడియో ప్లేయర్లలోనూ వాడారు. ఇక కెపాసిటర్లు, ఫ్యూజులు, సెల్లులు ఎలక్ట్రానిక్ భాగాల పెద్ద పంపిణీదారుల దగ్గర కొత్తవే దొరుకుతాయి, వాటికి కన్సోల్ పేరుతో అమ్మే ఖరీదైన కిట్ తప్పనిసరి కాదు, విలువలు చూసుకుని విడిగా తెచ్చుకోవచ్చు.

మీరు అడగలేదు కానీ ముందుముందు వేరే కన్సోళ్లు కొంటే గుర్తుంచుకోవాల్సినవి కొన్ని. 2001 నాటి మొదటి ఎక్స్‌బాక్స్‌లో, 1.6 వెర్షన్ తప్ప, గడియారం కోసం పెట్టిన కెపాసిటర్ కారి బోర్డు తీగలను తినేస్తుంది. కొన్న రోజే తెరిచి దాన్ని తీసేయండి, అది లేకపోతే పోయేది తేదీ మాత్రమే. దాని హార్డ్ డిస్క్ మదర్‌బోర్డుతో తాళం వేసి ఉంటుంది, బాగున్నప్పుడే ఆ తాళం వివరాలున్న చిన్న మెమరీ చిప్ (ఈప్రామ్) బ్యాకప్ తీసి పెట్టుకోవాలి. ట్రే తెరుచుకోకపోతే లోపలి రబ్బరు బెల్ట్ సాగిపోయి ఉంటుంది. గేమ్‌క్యూబ్ డిస్క్ చదవకపోతే లేజర్ కంటే ముందు డ్రైవ్ బోర్డు మీది చిన్న కెపాసిటర్లను అనుమానించండి, దాన్ని తెరవడానికి 4.5 మిల్లీమీటర్ల ప్రత్యేక బిట్ కావాలి. పీసీ ఇంజిన్ డుయో అనే పాత జపాన్ కన్సోల్ అయితే కెపాసిటర్లు మార్చకుండా వాడొద్దు. ఎక్స్‌బాక్స్ 360, పీఎస్3ల్లో డ్రైవ్ బోర్డు ఆ కన్సోల్‌తోనే జతపడి ఉంటుంది, డ్రైవ్ చచ్చినా దాని బోర్డు పారేయొద్దు, కొత్త డ్రైవ్‌కి దాన్నే తగిలించాలి.

చివరగా, లేజర్లు దొరక్కపోతే పని అయిపోయినట్టేనా అన్నారు కదా. కాదు. డిస్క్ డ్రైవ్ స్థానంలో మెమరీ కార్డు నుంచి ఆటలు నడిపే బోర్డులు వచ్చాయి. డ్రీమ్‌కాస్ట్‌కి జీడీఎము, ప్లేస్టేషన్ 1కి ఎక్స్‌స్టేషన్ లాంటివి. పీఎస్2 లావు మోడల్‌కి డ్రైవ్ తీయక్కర్లేదు కూడా, నెట్‌వర్క్ అడాప్టర్‌తో హార్డ్ డిస్క్ తగిలించి ఓపెన్ పీఎస్2 లోడర్ అనే సాఫ్ట్‌వేర్‌తో మీ డిస్కుల ఇమేజ్‌లు నడపవచ్చు. కొనేముందు మీ మోడల్‌కి సరిపోతుందో చూసుకోండి, జీడీఎము డ్రీమ్‌కాస్ట్‌లో వీఏ1 అనే రకం మదర్‌బోర్డుకే. ఇంకొకటి, డ్రైవ్ తీసేశాక డ్రీమ్‌కాస్ట్ పవర్ సప్లైలో 12 వోల్టుల లైన్‌ను వాడుకునేది ఉండదు, అది ఎక్కువ వేడెక్కుతుందని అందుకోసం చిన్న మార్పులు చేసుకునేవాళ్లున్నారు, గాలి ఆడేలా అయితే తప్పకుండా ఉంచండి.

నేనైతే బాగా పనిచేస్తున్న డ్రైవ్‌ను తీసి బోర్డు పెట్టను. డిస్క్ తిరిగే ఆ చప్పుడు, లోడింగ్‌లో ఆ ఆగడం, ఆ మెషిన్‌లో భాగమే అని నా అభిప్రాయం. కానీ రోజూ ఆడేవాళ్లు బోర్డు పెట్టుకుని, అసలు డ్రైవ్‌ను స్టాటిక్ రాని సంచిలో, లెన్స్ మీద దుమ్ము పడకుండా దాచుకుంటే అది చాలా మంచి పద్ధతి. దయచేసి ఆ డ్రైవ్‌ను చెత్తలో మాత్రం పడేయకండి. మీకు అక్కర్లేకపోతే ఎవరికైనా ఇవ్వండి, అది ఇంకొకరి కన్సోల్‌ను బతికిస్తుంది.

మీ మూడింటిలో ముందు డ్రీమ్‌కాస్ట్ తెరవండి, అది అన్నిటికంటే తేలిక, నాలుగు స్క్రూలే. పిన్నులు, పట్టా, లెన్స్ వరసగా చూసి, తర్వాత పీఎస్2లో సీడీ ఆట ఒకటి, డీవీడీ ఆట ఒకటి పెట్టి ఏది చదువుతోందో రాయండి. ప్లేస్టేషన్ 1 అడుగున ఉన్న మోడల్ నంబర్ కూడా రాయండి, అది చూస్తే లేజర్ జారే భాగం ప్లాస్టిక్‌తో ఉన్న రకమా కాదా చెప్పగలను.